ఉత్తరంలో కర్త ఎవరు: ఒక విరాళాల విజ్ఞప్తి కేస్ స్టడీ

ఈ కేసులో మూడు పక్షాలున్నాయి. బ్రిటన్‌లో విరాళాలు సేకరించే ఒక అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ, ఆ డబ్బుతో రాయలసీమలోని ఒక మెట్ట మండలంలో పనిచేసే స్థానిక సంస్థ, అక్కడి ఒక రైతు కుటుంబం. పేర్లు, ఊరు, సంవత్సరాలు, విరాళాల మొత్తాలు వదిలేశాం. గుర్తుపట్టే వీలున్న రెండు మూడు వివరాలు మార్చాం. ఇది ఒక ఫోటో తగాదాగా మొదలైంది. ఫోటో తీసేసినా, తర్వాత ఫోటోల తీరే మార్చేసినా తెగలేదు. తప్పు ఎక్కడుందో ఉత్తరంలోని వాక్యాల్లోకి దిగాకే తేలింది. అందుకే రాసి పెడుతున్నాం.

నేపథ్యం

ఆ సంస్థ ఏటా క్రిస్మస్‌కు ముందు దాతలకు ఒక ఉత్తరం పంపేది. కవరు మీద ఒక పిల్లో పిల్లాడో ఫోటో, లోపల నాలుగు పేజీల ఉత్తరం, మూడు మొత్తాలు అచ్చేసిన విరాళం ఫారం, తిరుగు కవరు. ఏటా బొమ్మ మారేది, ఊరు మారేది, మిగతాదంతా అలాగే ఉండేది.

ఈ అచ్చు ఆ ఒక్క సంస్థది కాదు. 1984 అక్టోబరు 23న ఇథియోపియాలోని కోరెమ్ నుంచి విలేకరి మైకేల్ బ్యూర్క్ బీబీసీలో చూపించిన కరువు, ఆ కరువు బాధితుల సాయానికి 1985 జూలై 13న జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీ బ్రిటన్‌లో ఒక తరం మనసులో పేదరికానికి రూపం ఇచ్చాయి. ఆ కరువులో అంతర్యుద్ధం పాత్రా, ప్రభుత్వ విధానాల పాత్రా చాలా ఉంది. ప్రేక్షకుల మనసులో మిగిలింది మాత్రం ఎండిన నేల, ఆకలి, పడమటి దేశాల సాయం. పదిహేనేళ్లకు పైగా గడిచాక వీఎస్‌ఓ అనే బ్రిటిష్ స్వచ్ఛంద సంస్థ చేయించిన సర్వేలో, వర్ధమాన దేశాలనగానే కరువు, విపత్తు, పడమటి సాయమే గుర్తొస్తాయన్నవారు బ్రిటన్ ప్రజల్లో 80 శాతం. ఈ ధోరణి మీద విమర్శ కూడా పాతదే. 1989లోనే యూరప్ స్వచ్ఛంద సంస్థలు చిత్రాలకూ సందేశాలకూ నియమావళి రాసుకున్నాయి. మన సంస్థ అల్మారాలోనూ అలాంటి నియమావళి ఒకటి ఉంది. దాన్ని పాటించామనే వాళ్లు నమ్మారు కూడా.

ఎదురైన సమస్య

కవరు మీద తొమ్మిదేళ్ల పాప. ఒట్టి గిన్నె ముందు కూర్చుని ఉంది. కింద వాక్యం: ఈ రాత్రి కూడా ఈ పాప ఆకలితోనే పడుకుంటుంది.

నాలుగేళ్ల తర్వాత, బెంగళూరులో పనిచేసే ఆ ఇంటి బంధువు ఒకరికి అదే ఫోటో ఫోన్‌లో కనబడింది. బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది, అక్కడి నుంచి ఊళ్లోకి, బడిలోకి. పాప అప్పటికి ఎనిమిదో తరగతి. తోటిపిల్లలు ఏమన్నారో ఊహించుకోవచ్చు. తండ్రి స్థానిక సంస్థ ఆఫీసుకు వచ్చి అన్న మాట ఫైల్లో ఉంది: "మా ఇంట్లో కూడు లేదని దేశదేశాలకు చాటినారు. ఆ పొద్దు నా బిడ్డ బడిలో గుడ్డుతో అన్నం తిని వచ్చింది సారూ. ఆ గిన్నె వాళ్లవ్వ తోమి ఎండకు పెట్టింది."

ఆయన మూడు అడిగాడు. ఫోటో తీసేయాలి. ఎవరినడిగి తీశారో చెప్పాలి. మా సంగతి నిజంగా ఏమిటో రాయాలి. మొదటి రెండింటి మీద సంస్థ వెంటనే కదిలింది. మూడోదాన్ని కోపంలో అన్న మాటగా తీసుకుని పక్కన పెట్టింది. ఈ కేసులో అతి పెద్ద పొరపాటు అదే. ఆయన అడిగిన మూడింటిలో సంస్థ పనితీరును మార్చగలిగింది ఆ మూడోదే.

అనుమతి సంగతి వెతికితే ఒక ఇంగ్లీషు ఫారం దొరికింది. ఒక పేజీ, కింద అవ్వ వేలిముద్ర. తల్లిదండ్రులు అప్పుడు బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నారు. "కార్డుకనుకుని ఏసినా" అంది అవ్వ. ముద్ర వేయించింది ఎవరంటే, ఊళ్లో ఎవరికి విత్తనాలు, ఎవరికి మేకలు అని జాబితా రాసే కార్యకర్తే. ఆ కార్యకర్త చేతిలో కాగితం ఉంటే ఏ అవ్వ వద్దంటుంది?

ఫోటో తీసేయడానికి ఏడు వారాలు పట్టింది. సంస్థకు చెందిన ఇతర దేశాల ఆఫీసులు దాన్ని దింపుకుని వాడుకున్నాయి, పాత వార్షిక నివేదికల్లో ఉంది, ఒక ప్రింటింగ్ ప్రెస్ దగ్గర ఉంది. ఏ ఫోటో ఎక్కడెక్కడికి వెళ్లిందో రాసిపెట్టిన పుస్తకం ఎవరి దగ్గరా లేదు.

మొదటి ప్రయత్నం: నవ్వే ముఖాలు

విరాళాల విభాగం తీసుకున్న మొదటి నిర్ణయం, ఇక దీనంగా ఉన్న ఫోటోలు వాడకూడదని. పచ్చటి పొలం, యూనిఫాం వేసుకున్న పిల్లలు, నవ్వుతున్న అమ్మలు. నిర్ణయం వెనక ఉద్దేశం మంచిదే. అవమానం ఫోటోలో ఉంది కనుక ఫోటో మారితే చాలనుకున్నారు.

విరాళాలు తగ్గాయి. దాన్ని ముందే అనుకున్నారు. అనుకోనిది ఊరి నుంచి వచ్చిన మాట. కొత్త కరపత్రాన్ని ఒక పొదుపు సంఘం మీటింగులో చూపిస్తే ఒకావిడ అంది: "ఇది చూస్తే మాకేం కష్టం లేనట్టుంది. మేం పడింది యాడ పోయింది?" ఇంకో ఆవిడ ఇంకా సూటిగా, "మీరొచ్చినాకనే మేం నవ్వినట్టు రాసినారే" అంది.

ఆ రెండో మాట దగ్గర ఆగి ఉండాల్సింది. ఏడుపు ఫోటో కింద "మీరు లేకపోతే ఈ పాప గతి ఇంతే" అని ఉంటుంది. నవ్వు ఫోటో కింద "మీ వల్ల ఈ పాప నవ్వుతోంది" అని ఉంటుంది. ముఖం మారింది, వాక్యం అదే. రెండింట్లోనూ పని చేసేది దాత. పాప మీద ఏదో ఒకటి జరుగుతుంది, అంతే. ఆ రోజు ఆ మాటను మినిట్స్‌లో రాసుకున్నారు కానీ దాని లోతు ఎవరికీ పట్టలేదు.

రెండో ప్రయత్నం: అంకెలూ కారణాలూ

తర్వాతి ఏడాది ఉత్తరంతోపాటు రెండు పేజీల వివరణ జతచేశారు. వర్షపాతం, ఎండిపోయిన బోర్లు, అప్పులు, వేరుశనగ ధరలు. తయారుచేసినవాళ్లు శ్రద్ధగా చేశారు, తప్పులు లేవు. పాఠకుల మీద దాని ప్రభావం దాదాపు సున్నా. తిరిగి రాసిన దాతల ఉత్తరాల్లో ఆ రెండు పేజీల ప్రస్తావనే లేదు.

ఇలా అవుతుందని చెప్పే పరిశోధన ఉంది. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ప్రయోగాన్ని ఈ రంగంలో అందరూ ఉదహరిస్తారు. ఒక సర్వే పూర్తిచేసినందుకు 5 డాలర్లు అందుకున్నవాళ్లకు విరాళం విజ్ఞప్తి చూపించారు. మాలి దేశపు ఏడేళ్ల రోకియా కథ చదివినవాళ్లు సగటున 2.38 డాలర్లిచ్చారు. లక్షల మంది ఆకలి గురించి అంకెలు చదివినవాళ్లు 1.14 ఇచ్చారు. కథా, అంకెలూ రెండూ కలిపి చదివినవాళ్లు 1.43 ఇచ్చారు. అంటే అంకెలు చేరిస్తే కథ బలం కూడా పోయింది. మన రెండు పేజీలకు జరిగిందీ అదే.

అయితే విరాళాల విభాగం దీన్నుంచి తీసిన పాఠం వేరు: "చూశారా, ఒక్క పాప ఫోటోనే పనిచేస్తుంది, పాత పద్ధతికి వెళ్దాం." ఇక్కడ గట్టిగా వాదించాల్సి వచ్చింది. ఆ ప్రయోగం కొలిచింది ఒకే ఒక్కసారి, అప్పటికప్పుడు ఇచ్చిన విరాళాన్ని. పదేళ్లపాటు ఏటా అలాంటి కవరే అందుకున్న మనిషి ఏం నమ్మడం మొదలుపెడతాడో అది కొలవలేదు. 2011లో బ్రిటన్‌లో ఆండ్రూ డార్న్‌టన్, మార్టిన్ కిర్క్ రాసిన నివేదిక ఆ రెండో ప్రశ్న వేసింది. బలవంతుడైన దాత, కృతజ్ఞుడైన గ్రహీత అనే చట్రంలో ప్రజలు ఇరుక్కుపోయారనీ, దాన్ని బిగించినవాళ్లలో స్వచ్ఛంద సంస్థలూ ఉన్నాయనీ చెప్పింది. ఇంకో సంగతి. రోకియా ప్రయోగం ఒక మనిషి కథ కావాలంటోంది. ఆ మనిషి నిస్సహాయంగా ఉండి తీరాలని దాన్నుంచి తేల్చలేం. ఒక మనిషిని ఉంచుకుంటూనే ఆమెను పనిచేసే మనిషిగా చూపొచ్చా? మూడో ప్రయత్నం ఈ ప్రశ్నతో మొదలైంది.

మూడో ప్రయత్నం: కర్త పరీక్ష

గడిచిన ఆరేళ్ల ఉత్తరాలు ముందేసుకున్నాం. ప్రతి వాక్యానికీ బడిలో నేర్చుకున్న వ్యాకరణమే: కర్త, కర్మ, క్రియ. మూడు గడుల పట్టిక. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చెప్పుకుని పట్టికలో వేయడం తేలిక, ఎందుకంటే "చేయబడింది" అని తెలుగులో ఎవరూ మాట్లాడరు. వాక్యం తెలుగులోకి రాగానే ఎవరు చేశారనే ప్రశ్న తనంతట తనే లేస్తుంది.

బాగుచేయడం, ఇవ్వడం, నేర్పడం, కాపాడడం, మార్చడం. ఈ క్రియలకు కర్త దాదాపు ప్రతిచోటా "మీరు" లేదా "మా సంస్థ". ఊరివాళ్లు కర్తలుగా ఉన్న క్రియలు నాలుగే: బాధపడడం, ఎదురుచూడడం, ఆశపడడం, కృతజ్ఞత చెప్పడం. కష్టానికి కర్త ఉంటే అది ఆకాశం. వాన రాలేదు, కరువొచ్చింది. లేకపోతే కర్తే లేదు.

తర్వాత చేసిన పని ఇంకా ముఖ్యమైనది. పాప తల్లితో అప్పట్లో ఫోన్‌లో జరిపిన ఇంటర్వ్యూ రికార్డింగు ఇంకా ఉంది. ఆమె మాట ఆ రికార్డింగు నుంచి కవరు దాకా ఎన్ని చేతులు మారిందో, ఒక్కో చేతిలో ఏం రాలిపోయిందో వరసగా చూశాం.

రికార్డింగులో ఆమె: "శెనక్కాయ ఏసినాం. బోరు నాన్నూరు అడుగులు పోయినా నీళ్లు పడలే. ఇంగోటి ఏసినాం, అదీ పోయె. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింటిమి. ఎద్దులమ్మి కొంచెం కట్టినాం. పాపను అత్త కాడ ఇడిసి బెంగుళూరికి పోయినాం. సంగంలో అడిగితే బ్యాంకు లోను ఇప్పించినారు, పెద్ద వడ్డీ తీర్చేసినాం. ఇంగ ఆ మిగతాది తీరాల."

కార్యకర్త రాసుకున్న తెలుగు నోట్సు: రెండు బోర్లు ఫెయిల్. అప్పు. వలస. పాప అవ్వ దగ్గర. ఇక్కడే వడ్డీ రేటు పోయింది. నూటికి మూడు అంటే నెలకు, ఏడాదికి 36 శాతం. ఊళ్లో అందరికీ తెలిసిందే కనుక రాయక్కర్లేదనుకున్నారు. లండన్ పాఠకుడికి ఈ కథలో అర్థం కావాల్సిన మొదటి సంగతి అదే.

స్థానిక ఆఫీసు ఇంగ్లీషు కథనం: కరువు వల్ల పంట పోయి కుటుంబం వలస వెళ్లింది. రెండు బోర్లు "కరువు" అయ్యాయి. సంఘం ఇప్పించిన లోను తీసేశారు. ప్రాజెక్టు నివేదికలో మన పని కనబడాలి, పొదుపు సంఘం మన పని కాదు, అందుకని. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. ఫారంలో "మా జోక్యం వల్ల వచ్చిన మార్పు" అని ఒక గడి ఉంది. ఆ గడిలో పట్టనిది పోయింది.

దేశ కార్యాలయం నాలుగు వాక్యాలకు కుదించింది. విజ్ఞప్తి రాసే రచయిత చేతికి వచ్చేసరికి మిగిలినవి కరువు, వలస వెళ్లిన అమ్మానాన్నలు, అవ్వ, పాప. ఆ నాలుగు ముక్కల్లోంచి ఎవరైనా రాయగలిగేది ఆకలి కథే. ఆ రచయితను తప్పుబట్టి లాభం లేదు. అమ్మినాం, పోయినాం, అడిగినాం, తీర్చినాం అని వరసగా క్రియలే మాట్లాడిన మనిషి, నాలుగు చేతులు దాటేసరికి ఒక్క క్రియ లేకుండా మిగిలింది.

ఇదే అచ్చులో పోస్తే మన ప్రాంతంలోని పెద్ద మార్పులు కూడా ఎలా తలకిందులవుతాయో ఒకసారి ఆలోచించండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు లేచింది 1992లో. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. దానికి ముందు అక్కడ అక్షరాస్యత తరగతులు నడిచాయి, వాటి పాత్ర నిజం. విజ్ఞప్తి ఉత్తరం భాషలో అది "అక్షరాస్యత కార్యక్రమం మహిళలను సారా నుంచి కాపాడింది" అయిపోతుంది. దుకాణాల ముందు నిలబడినవాళ్లు ఆ వాక్యంలో కర్మలు.

పనిచేసిన మార్పులు

మొదటిది, మాట వెంట రికార్డింగు ప్రయాణించాలి. కథ ఏ దశలో ఉన్నా, అందులోని ప్రతి వాక్యం పక్కన అది రికార్డింగులో ఎన్నో నిమిషంలో ఉందో రాయాలి. నిమిషం రాయలేకపోతే వాక్యం పోతుంది. ఈ ఒక్క నియమం మిగతా అన్నింటికంటే ఎక్కువ పనిచేసింది. "ఆకలితోనే పడుకుంటుంది" అనే వాక్యానికి ఏ నిమిషమూ లేదు.

రెండోది కారణ వాక్యం. ప్రతి కథలోనూ కష్టానికి కారణం చెప్పే వాక్యం కనీసం ఒకటి ఉండాలి, దానికి ఆకాశం కర్త కాకూడదు. బోరుకు అప్పిచ్చిన తీరు, వడ్డీ, ధర, బ్యాంకు గడప తొక్కనివ్వకపోవడం, ఏదైనా సరే. "నెలకు నూటికి మూడు రూపాయలు, అంటే ఏడాదికి 36 శాతం" అని అంకెతో సహా. అంకెలు పనిచేయవని రెండో ప్రయత్నం చెప్పింది కదా అనొచ్చు. లక్షల మంది గురించిన అంకె వేరు, ఆమె నోటి నుంచి వచ్చిన ఆమె అప్పు అంకె వేరు. రెండోది కథలో భాగం.

మూడోది, చేసినవాళ్లందరి పేరూ చెప్పాలి, మన వాటా ఎంతో అంతే చెప్పాలి. ఈ కుటుంబం విషయంలో లోను ఇప్పించింది పొదుపు సంఘం. పొలంలో నీటికుంట తవ్వింది ఉపాధి హామీ కూలితో. అక్కడ దాన్ని కరువు పని అంటారు. సంస్థ డబ్బుతో జరిగింది కుంట ఎక్కడ తవ్వాలో చూసిన టెక్నీషియను జీతం, వేరుశనగలో కంది, కొర్ర కలిపి వేయడం మీద రెండు సీజన్ల శిక్షణ. ఉత్తరంలో ఇంతే రాశారు. విరాళాల విభాగం భయం ఏమిటంటే, ఇంత చిన్న పనికి ఎవరిస్తారు? మా వాదన: దాత మనతో చేరేది పెద్ద పనిలో ఒక చెయ్యి వేయడానికి. అబద్ధపు పెద్ద పనికంటే నిజమైన చెయ్యి అడగడం సులువు.

నాలుగోది అనుమతి. ఇది రెండు రాకల్లో జరగాలి, మధ్య కనీసం రెండు రాత్రులుండాలి. మొదటిసారి కెమెరా తేకూడదు. పాత కవరు ఒకటి చేతికిచ్చి చూపించాలి: ఇలా అచ్చవుతుంది, ఇంత మంది ఇళ్లకు పోతుంది, ఫోన్లలోనూ వస్తుంది, మీ చుట్టాలు చూడొచ్చు, ఒకసారి నెట్‌లోకి పోయాక పూర్తిగా వెనక్కి తేలేం. వద్దన్నా మీకొచ్చేదేదీ ఆగదని చెప్పాలి. ఆ మాట నమ్మాలంటే అడిగే మనిషి జాబితాలు రాసే కార్యకర్త కాకూడదు. పక్క మండలం నుంచి ఇంకొకరు రావాలి. చెప్పడం అయ్యాక "అర్థమైందా" అని అడిగితే అందరూ తలూపుతారు. "ఇది దేనికో మీరు నాకు చెప్పండి అక్కా" అని అడగాలి. చెప్పలేకపోతే తప్పు మనది, మళ్లీ చెప్పాలి.

అచ్చుకు, నెట్‌కు, పేరుకు మూడు వేరువేరు అనుమతులు. చాలామంది మొదటిదానికి సరేనని రెండోదానికి వద్దంటారు. గడువు మూడేళ్లు, ఆ తర్వాత మళ్లీ అడగాలి, లేదా తీసేయాలి. తెలుగు కాగితం ఒకటి, ఫోన్ నంబరుతో, ఇంట్లో వదలాలి. ఫోటో ప్రింటు నెలలోపు ఇంటికి చేరాలి. "ఫోటో తీసుకుపోతారు, మాకు ఒకటీ ఇయ్యరు" అన్నంత తరచుగా ఊళ్లలో ఇంకే ఫిర్యాదూ వినబడదు. పిల్లల విషయంలో తల్లిదండ్రులిద్దరితో మాట్లాడాలి, తర్వాత బిడ్డను విడిగా అడగాలి. బిడ్డ వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. చట్టం కనీస హద్దు గీస్తుంది: బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది, 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఆ స్థితిని వెల్లడించడాన్ని అడ్డుకుంటుంది, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం పద్దెనిమిదేళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కించి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. అవ్వ వేలిముద్ర సరిపోదు.

ఐదోది ఫోటో తీసే తీరు. కెమెరా మనిషి కంటి ఎత్తులో ఉండాలి. పిల్లల్ని పైనుంచి కిందికి తీస్తే వాళ్లు చిన్నబోతారు. ముఖం ఒక్కటే కాకుండా ఇల్లు, పొలం, పక్కన మనుషులు ఫ్రేములో ఉండాలి. ఇక్కడ ఫోటోగ్రాఫర్‌తో చిన్న గొడవ జరిగింది. ఆ తల్లి తల దువ్వుకుని, కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వస్తానంది. సహజత్వం పోతుందని ఆయన వద్దన్నాడు. మన ఇళ్లలో ఫోటో అంటే ఎవరైనా చేసేది అదే కదా. పనిచేసే చీరలో పట్టుకుని తీస్తేనే నిజం అనడంలో న్యాయం లేదు. ఆమె కట్టుకున్న చీరే అచ్చయింది.

ఇంకో చిన్న సంగతి, ఎప్పుడూ ఎవరి కంటా పడనిది. ఫోటోల ప్రయాణాలు ఏటా ఏప్రిల్, మే నెలల్లో పెట్టేవారు. వేరుశనగ విత్తేది జూన్, జూలైలో, పీకేది అక్టోబరు, నవంబరులో. మేలో ఏ మెట్ట చేను చూసినా ఎడారిలానే ఉంటుంది, మంచి రైతు చేను కూడా. అందుకని ప్రతి ఫోటో కింద నెల అచ్చేయాలని పెట్టాం, ఏడాదిలో ఒక ప్రయాణం పంట కాలంలో ఉండేలా మార్చాం.

ఆరోది, రాసింది వెనక్కి తీసుకెళ్లి చదివి వినిపించడం. రికార్డింగు వినని మనిషి చేత ఇంగ్లీషు ఉత్తరాన్ని తెలుగులోకి మళ్లీ తిప్పించి, ఇంటి అరుగు మీద కూర్చుని మొత్తం చదవాలి. తల్లి ఒక వాక్యం తీయమంది: అప్పిచ్చినాయన ఎవరో ఊళ్లో పోల్చుకుంటారు, ఆయనకు ఇంకా బాకీ ఉంది. మేం దాన్ని అసలు ప్రమాదంగా ఊహించలేదు. తండ్రి ఒక వాక్యం కలపమన్నాడు: కుంట తవ్విన కూలీల్లో తానూ ఉన్నానని.

ఈ తిరుగు ప్రయాణాలకు డబ్బెక్కడిదన్నది తేలికైన ప్రశ్న కాదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. వేరే ప్రయాణం పెట్టకుండా, నెలవారీ సంఘం మీటింగుకు వెళ్లే రోజునే ఉత్తరం చదవడం పెట్టుకున్నాం. కాలం మాత్రం ఎక్కువే పడుతుంది. పాత పద్ధతిలో కథ రెండు వారాల్లో తయారయ్యేది, ఇప్పుడు తొమ్మిది. క్రిస్మస్ ఉత్తరానికి సెప్టెంబరులో కథ వెతికితే కుదరదు. జూలైలో మొదలుపెట్టాలి.

ఫలితం ఎలా కొలిచాం

దాతల జాబితాను లాటరీ పద్ధతిలో రెండు సగాలు చేసి, ఒకే రోజు, ఒకే రకం కవరులో, అవే మూడు మొత్తాలతో పంపారు. ఒక సగానికి పాత అచ్చు ఉత్తరం, అయితే అనుమతి, ఫోటో మాత్రం కొత్త నియమాల ప్రకారమే. రెండో సగానికి కొత్త ఉత్తరం. ఈ జాగ్రత్త ముఖ్యం: పరీక్ష కోసం ఇంకో కుటుంబాన్ని అవమానించకూడదు.

మొదటి ఆరు వారాల్లో పాత అచ్చు ముందుంది. ఆ లెక్కతోనే ఆపేసి ఉంటే కేసు అక్కడితో ముగిసేది. ఏడాది పొడవునా చూడాలని ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండడం వల్ల ఆపలేదు. ఏడాది చివరికి, కొత్త ఉత్తరం అందుకున్న సగంలో రెండోసారి ఇచ్చినవాళ్లు ఎక్కువ, జాబితా నుంచి పేరు తీసేయమన్నవాళ్లు తక్కువ, మొత్తం రాబడిలో తేడా దాదాపు పూడిపోయింది. ఒక సంస్థ, ఒక జాబితా, ఒక ఏడాది ఫలితం ఇది. దీన్ని అంతకు మించి సాగదీయకూడదు. మా దృష్టిలో అంతకంటే విలువైనది తిరిగొచ్చిన ఉత్తరాల్లో మార్పు. పాత ఉత్తరానికి జవాబుల్లో "పాపం ఆ పాప" ఉండేది. కొత్తదానికి, బోరు పడకపోతే డబ్బు వెనక్కి రాదా, బ్యాంకు మొదటే ఎందుకివ్వలేదు అని అడిగారు. కారణం తెలిసిన మనిషి అడిగే ప్రశ్నలవి.

ఒక జారుపాటు జరిగింది. జనవరిలో పంపే గుర్తుచేసే ఉత్తరం వేరే బృందం రాసింది. అందులో "మీ వల్లే ఈ కుటుంబం నిలబడింది" అని వచ్చేసింది. పట్టిక పరీక్ష పెద్ద ఉత్తరానికే పెట్టాం, చిన్న కాగితాలకు పెట్టలేదు. ఇప్పుడు రసీదు వెనక ముద్రించే రెండు లైన్లకు కూడా అదే పరీక్ష.

మూడో కోరిక

తండ్రి అడిగిన "నిజంగా ఏమిటో రాయండి" అన్నదాన్ని చివరికి తీర్చారు, చాలా ఆలస్యంగా. దాతల పత్రికలో అరపేజీ, ఫోటో లేకుండా, పేరు లేకుండా: ఆ పాత కవరు మీది వాక్యం నిజం కాదు, ఆ రోజు ఆ బిడ్డ బడిలో తిన్నది, ఆ కుటుంబం అసలు కష్టం బోరు అప్పు, దాన్ని వాళ్లూ వాళ్ల సంఘమూ ఇలా దాటుతున్నారు. దాతల నుంచి రద్దులు వెల్లువెత్తుతాయని విరాళాల విభాగం భయపడింది. కొన్ని వచ్చాయి, భయపడినన్ని రాలేదు. తెలుగు ప్రతి ఆ ఇంట్లో ఉంది.

తుపాను, వరద వచ్చినప్పుడు తొమ్మిది వారాలు ఎక్కడివని ప్రతి శిక్షణలోనూ అడుగుతారు. అప్పటికి చిన్న నియమాలున్నాయి. పిల్లల ముఖాలు వద్దు. పెద్దవాళ్ల సమ్మతి నోటిమాటగా రికార్డు చేస్తే చాలు, కానీ వాడకం ఆరు నెలలే, తర్వాత దానంతటదే చెరిగిపోవాలి. కారణ వాక్యం మాత్రం అప్పుడూ ఉండాలి: చెరువు కట్ట ఎందుకు తెగింది, ముందస్తు హెచ్చరిక ఎవరికి చేరలేదు.

కొత్త ఉత్తరంలోని తల్లి అనుమతికి మూడేళ్లు నిండాయి. మళ్లీ అడగడానికి వెళ్తే ఆమె ఈసారి వద్దంది. ఆ వారమే ఆమె కథ ఉన్న పేజీ, ఫోటో అన్ని చోట్లా తీసేశారు. ఈసారి ఏ కాపీ ఎక్కడుందో పుస్తకంలో ఉంది కనుక ఏడు వారాలు పట్టలేదు, నాలుగు రోజుల్లో అయిపోయింది. ఎందుకు వద్దందో ఒక లైను రాసి పంపమని లండన్ నుంచి అడిగారు. అనుమతి ఫారంలో కారణం రాసే గడి లేదు. కావాలనే పెట్టలేదు.